గాలిని మరిచిన లెక్క

ఇలా రా అమ్మడూ. ఆ పీట పొయ్యి దగ్గరికి లాక్కుని కూచో. బయట గాలి ఇంటి రేకుల్ని పీకేస్తోంది, ఈ పూట నా కొట్టుకి ఆపీ, ఈ మొక్కజొన్న జావ, తాగడానికి ఎవరూ రారు. ఇదిగో, ఈ గ్లాసు రెండు చేతులతో పట్టుకో. ముందు వేళ్ళు కాగనీ, జావ తర్వాత తాగుదువు గాని. మన ఎదురింటి జుల్మా మళ్ళీ ఉద్యోగంలో ఎలా చేరిందో నీకు తెలుసంటావు గాని, నీకు తెలిసింది సగమే. రెండో సగం ఆమె ఇదే పీట మీద కూచుని నాకు చెప్పింది. విను.

ఆ గురువారం పొద్దున శిక్షణ కేంద్రం షెడ్డులోకి జుల్మా అందరికంటే ముందు వచ్చి, తిరుగుతున్న పంపు వీపు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. పసిబిడ్డకి జ్వరం చూసినట్టు చూస్తుంది ఆమె పంపుని. బేరింగు వేడెక్కిందా, లోపల ఏదైనా ఒరుసుకుంటోందా అన్నది ఆ చేతికి తెలిసిపోతుంది. ఏళ్ళ తరబడి ఆ చెయ్యి కూతురి ఛాతీ మీదే ఉండిపోయింది. ఆ కూతురు వారా గుండెజబ్బుతో పుట్టింది. ఆ పిల్ల కోసమే తగరం కరిగించే ఫ్యాక్టరీలో ఇంజనీరు పని వదిలేసింది జుల్మా. ఇప్పుడు వారా స్కూలు బ్యాండులో ట్రంబోన్ ఊదుతోంది. తన ఎత్తున్న బాకాని ఊదే పిల్లకి ఇంకా కాపలా ఎందుకని, పని మానేసి చాలాకాలమైన ఇంజనీర్లకి మళ్ళీ నేర్పే ఈ తరగతుల్లో చేరింది.

చెయ్యి దేన్నీ మరిచిపోలేదు. భయమల్లా కంప్యూటరుతోనే. ఆమె కాలంలో కాగితం మీద పేజీలకు పేజీలు లెక్క కట్టేవాళ్ళు. ఇప్పుడు తెర మీద గళ్ళుంటాయి, గళ్ళలో అంకెలు నింపి నొక్కితే జవాబు వచ్చేస్తుంది. ఇంట్లో వారా పక్కన కూచుని నేర్పింది. "అమ్మా, అదేమీ కోడిపిల్ల కాదు నలిగిపోడానికి. గట్టిగా నొక్కు" అనేది. జుల్మా నొక్కేది. తప్పొస్తే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

ఆ రోజు ఆఖరి పరీక్ష. కొండ మీది జింకు గని వాళ్ళు తమ నిజమైన ఇబ్బందినే ప్రశ్నగా పంపారు. గని నోటి దగ్గర నిచ్చెన దిగే ఒక లోతు గుంటలో ఊట నీళ్ళు చేరుతున్నాయి. వాటిని తోడి పారబోసే పంపుని నీటికి ఎంత ఎత్తులో కూచోబెట్టాలి? కిందికి దించేకొద్దీ రాయి తొలిచే పని పెరుగుతుంది, ఊట ఎక్కువైతే పంపు మునిగే భయమూ ఉంటుంది. మరీ పైన పెడితే నీళ్ళు అందవు. సరైన జవాబు చెప్పినవాళ్ళకి ఆ గనిలో ఉద్యోగం. ఉన్నది ఒకటే.

జుల్మా గళ్ళు నింపింది. గొట్టం లావు, నీటి చల్లదనం, పంపు గుణం, అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుంది. ఆరు మీటర్లు అని వచ్చింది. పాఠం చెప్పే కుర్ర ఇంజనీరు ఇవార్ దాసా ఆమె భుజం మీదుగా తెర చూసి తలాడించాడు.

"చూశారా, దోనా జుల్మా ఇన్నాళ్ళూ గరిటె తిప్పినా లెక్క తప్పలేదు" అన్నాడు. దోనా అని గౌరవంగా పిలిచి మరీ, పొగడ్తేనని అనుకుని అన్నాడు పాపం.

వెనక బల్ల మీద గ్రోవర్ టికోనా ఉన్నాడు. గనులు మూసేసిన కాలంలో పని పోయి, అప్పటినుంచీ మినీబస్సు నడుపుకుంటున్న ఇంజనీరు. కంప్యూటరు మీద నమ్మకం లేక కాగితం మీదే లెక్క కట్టాడు. అతనికి మూడు మీటర్లు వచ్చింది.

"మూడా?" దాసా కాగితం పైకెత్తి చూపించాడు. "పంపుని నీళ్ళలో అద్దుకుని తింటారా దోన్ గ్రోవర్, ఆపీలో రొట్టె అద్దుకున్నట్టు?"

గది గొల్లుమంది. "బ్రేకు గట్టిగా తొక్కినట్టున్నాడు, సగంలోనే ఆగిపోయింది" అన్నారెవరో. జుల్మా కూడా నవ్వింది. నవ్వుతూనే గ్రోవర్ వైపు చూసింది. అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, జేబు గుండీ పెట్టుకున్నాడు. ప్రతి పొద్దునా తన బస్సులో చోటుంటే ఆమెని ఎక్కించుకుని, డబ్బులిస్తే చెయ్యి అడ్డం పెట్టేవాడు అతను. జుల్మా మొహంలో నవ్వు ఆగిపోయింది గాని, అప్పటికే నవ్వేసింది కదా.

*

మర్నాడు నెలలో మొదటి శుక్రవారం. ఏ కొత్త పనైనా భూమితల్లి పచమామకి తాగించి మొదలుపెట్టే రోజు. గని పెద్ద ఇంజనీరు సెలవులో ఉంది. ఆమె కింది అధికారి, ఉద్యోగం జుల్మాకేనని చెప్పి, మంచిరోజు పోనివ్వకూడదని, జుల్మా చెప్పిన ఎత్తులోనే ఎర్ర రంగుతో గీత గీయించి పంపు దిమ్మె కోసం గుంత తవ్వించేశాడు. తరగతి వాళ్ళందరినీ పిలిచాడు. కొండ మీదికి తీసుకెళ్ళడానికి మాట్లాడిన బస్సు ఎవరిదనుకున్నావు? గ్రోవర్‌దే. తను ఓడిపోయిన చోటికి తనే అందరినీ ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. దారిలో ఒక్క మాటయినా విసురుగా అన్నాడా అంటే అనలేదు. "కిటికీ మూసుకోండి దోనా జుల్మా, దుమ్ము" అన్నాడంతే.

మేస్త్రీ సతుర్నీనో నిప్పుల మీద సాంబ్రాణి, లామా కొవ్వు, రంగురంగుల మిఠాయి బిళ్ళలు పేర్చాడు. పొగ నిటారుగా లేచింది. "నిటారుగా లేచింది, తల్లి ఒప్పుకుంది" అన్నారందరూ. మేస్త్రీ బీరు సీసా మూత తీసి జుల్మా చేతికిచ్చాడు.

"మీ చేత్తో పొయ్యండి ఇంజనీరమ్మా."

ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో. ఆమె మేస్త్రీ మొహం వైపే చూస్తూ సీసా వంచింది, బీరు సగం గుంతలో, సగం తన బూటు మీద పడింది. "బూటుకి కూడా దాహమేసిందిలే" అని మేస్త్రీ నవ్వాడు. దూరంగా బస్సు పక్కన నిలబడ్డ గ్రోవర్, తనకిచ్చిన గ్లాసులోంచి నాలుగు చుక్కలు నేల మీద చిలకరించి, మిగిలింది తాగాడు. సోమవారం పొద్దున గుంతలో కాంక్రీటు పోద్దామని అందరూ అనుకున్నారు.

*

శనివారం మధ్యాహ్నం జుల్మా ఇంట్లో కుక్కర్ రబ్బరు తెగింది.

మన ఊళ్ళో కుక్కర్ రబ్బరు తెగడమంటే ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు. జుల్మా మొక్కజొన్న గుగ్గిళ్ళని మామూలు గిన్నెలో వేసి మూత మీద రాయి పెట్టింది. వారా వాకిట్లో బాకా సాధన చేసి, లోపలికొచ్చి మూత తీసి చూసి, మళ్ళీ వెళ్ళి ఊది, మళ్ళీ వచ్చింది.

"అమ్మా, మంట పెద్దది చెయ్యి."

"మంట పెద్దది చేస్తే గిన్నె నల్లబడుతుంది, గింజ ఉడకదు."

"కుతకుతా మరుగుతోంది కదా. నేను రెండు పాటలు వాయించొచ్చినా గులకరాళ్ళలాగే ఉన్నాయేం?"

"మరిగితే సరా?" జుల్మా ఉల్లిపాయ తరుగుతూ అంది. మనూరి తల్లులందరూ అనే మాటే. "ఇంత ఎత్తు కొండల మీద గాలి పల్చన. నీళ్ళ మీద బరువుండదు, వేడెక్కకుండానే మరిగిపోతాయి. గింజకి వేడి చాలొద్దూ?"

కత్తి ఉల్లిపాయలో సగం దిగి ఆగిపోయింది.

వారా వంగి చూసింది. "ఏమైందమ్మా, వేలు తెగిందా?"

జుల్మా లేచింది. కత్తి అక్కడే వదిలేసి, చేతులు పావడాకి తుడుచుకుని, కంప్యూటరు తెరిచింది. గళ్ళన్నీ వేలితో చూసుకుంటూ వచ్చింది. గొట్టం, చల్లదనం, పంపు గుణం, అన్నీ ఆమె నింపినవే. అన్నిటికంటే పైన, ఆమె ఎప్పుడూ చూడని ఒక మూల, గాలి బరువు అని ఒక గడి. అందులో అంకె ముందే ఉంది.

"అదెవరు వేశారు?" అంది వారా.

"ఎవరూ వెయ్యలేదు. అది తయారైనప్పుడే వచ్చింది. సముద్రం ఒడ్డున గాలి బరువది."

"మనకి సముద్రమెక్కడుంది?" అంది పిల్ల. "తాతల కాలంలోనే యుద్ధంలో పోగొట్టుకున్నాం. మొన్న మార్చిలో దాని కోసమే బ్యాండు వాయించుకుంటూ ఊరంతా తిరిగాను, పెదాలు వాచిపోయాయి."

"లెక్కల్లో మాత్రం వదల్లేదన్నమాట" అంది జుల్మా. నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

వారాకి అర్థం కాలేదని, ఆ పిల్ల తాగుతున్న పళ్ళరసం గ్లాసులోని గొట్టం తీసి చూపించింది. "పంపు నీళ్ళని పీలుస్తుందనుకుంటాం. పీల్చదు. పైనున్న గాలి నీటిని నొక్కుతుంది, ఆ నొక్కుడుకే నీళ్ళు గొట్టంలోకి ఎక్కుతాయి. గాలి బరువున్న చోట ఆరు మీటర్లెక్కే నీళ్ళు ఇక్కడ ఎక్కలేవు. ఎక్కాలని పంపు గింజుకుంటే, చల్లటి నీళ్ళే దాని కడుపులో మరుగుతాయి. రాళ్ళు నమిలినట్టు చప్పుడు చేసుకుంటూ తన రెక్కల్ని తనే తినేస్తుంది. కింద ఊట పెరుగుతూ ఉంటుంది. అక్కడ మనుషులు పనిచేస్తుంటారు."

"ఎన్ని మీటర్లు పెట్టాలి మరి?"

గడిలో మనూరి గాలి బరువు వేసి నొక్కింది. మూడు. కాస్త అటూ ఇటూగా, మూడు.

పొయ్యి మీద గింజలు కుతకుతలాడుతూనే ఉన్నాయి.

"చెబితే ఉద్యోగం పోతుందా?" అంది వారా.

"పోతుంది. పైగా, వంటింట్లో ఉండి ఉండి బుర్రకి తుప్పు పట్టిందంటారు. నాతోపాటు నా వెనక రాబోయే ఆడవాళ్ళని కూడా అంటారు."

వారా బాకా మూతి తుడుస్తూ తలొంచుకుంది. "ఈసారి నేనేమీ అననమ్మా. పోయినసారి నా గుండె అడ్డం పడింది నీకు."

జుల్మా ఆ పిల్ల తలని లాగి తన భుజానికి ఆనించుకుంది. "నీ గుండె నాకెప్పుడే అడ్డం? దాని చప్పుడు వింటూ నిద్రపోయేదాన్ని" అంది. ఆ రాత్రి వాళ్ళు గుగ్గిళ్ళు నమిలి నమిలి తిన్నారు. దవడలు నొప్పెట్టాయని వారా నవ్వించింది.

*

ఆదివారం గ్రోవర్ తన వాకిట్లో మినీబస్సు కింద పడుకుని ఉన్నాడు. బయటికి కాళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. జుల్మా ఆ కాళ్ళతోనే మొదలుపెట్టింది. మొహం చూసి చెప్పడం కంటే అదే సులువు.

"దోన్ గ్రోవర్, నేను జుల్మాని."

"పన్నెండో నంబరు పానా అందిస్తారా, దోనా జుల్మా? మీ పాదం పక్కనే ఉంది."

అందించింది. "మీదే సరైన లెక్క. మూడే. నాది తప్పు. నేను సముద్రం గాలి వేశాను. మిమ్మల్ని చూసి నవ్వాను కూడా."

బస్సు కింద పానా చప్పుడు ఆగింది. గ్రోవర్ వీపు మీద పాక్కుంటూ బయటికొచ్చాడు. మొహాన నూనె మరక. లేచి కూచుని, ఆమెని ఒకసారి, ఆకాశాన్ని ఒకసారి చూశాడు.

"గాలా?" అన్నాడు.

"గాలి."

"నాకు గాలి సంగతి అస్సలు తట్టలేదండీ." చొక్కా గుండీ విప్పి ఆ నాలుగు మడతల కాగితం తీశాడు. నూనె వేలితో ఒక వరస చూపించాడు. "నేనూ పుస్తకంలో ఉన్న సముద్రం అంకే వేశాను. నాకూ ఆరే రావాలి. ఇదిగో ఇక్కడ రెండుతో భాగించి, కింది వరసలో మరిచిపోయి మళ్ళీ భాగించాను. ఇంటికొచ్చాక చూసుకున్నాను. ఆ రాత్రంతా, వాళ్ళు నవ్వడం న్యాయమే అనుకున్నాను."

జుల్మా కాగితం చూసింది. నిజమే. రెండుసార్లు భాగించాడు. తను నడిచిన దారి సరైనది, చేరిన చోటు తప్పు. అతను తప్పుదారిలో పడి సరైన చోటికి చేరాడు. అతనికి దక్కాల్సిన ఉద్యోగపు కుర్చీలో తను కూచున్నానని రాత్రంతా బాధపడింది. తీరా చూస్తే ఆ కుర్చీ ఇద్దరిదీ కాదు.

"అయితే మీరేమీ చెప్పక్కర్లేదు" అన్నాడు గ్రోవర్ మెల్లగా. "నాకు మీరు బాకీ లేరు. హాయిగా వెళ్ళి చేరండి. పంపు కూచున్నాక వాళ్ళే తెలుసుకుని దించుకుంటారు."

"ఎలా తెలుసుకుంటారు?"

అతను పానా కింద పెట్టేశాడు. గనిలో పనిచేసినవాడు. నీళ్ళు ఎలా తెలియజేస్తాయో అతనికి తెలుసు.

"పొద్దున్నే బస్సు తెస్తాను" అన్నాడు. "కాంక్రీటు కలపకముందే చేరాలిగా."

*

సోమవారం వాళ్ళు చేరేసరికి మేస్త్రీ మనుషులు ఇసుక జల్లెడ పడుతున్నారు. దాసా కూడా వచ్చి ఉన్నాడు, తన తరగతి గొప్ప చూసుకోడానికి. పెద్ద ఇంజనీరు నినోస్కా సువారెస్ సెలవు ముగించుకుని అప్పుడే దిగింది. ఆమెది కింద బేని అడవుల వైపు, వేడి దేశం. సెలవుకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ మన గాలి ఆమెని గేటు దగ్గరే పట్టుకుంటుంది. నాలుగు మెట్లెక్కి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి.

"ఇంజనీరమ్మా, కాంక్రీటు పొయ్యకండి" అంది జుల్మా. "నా లెక్క తప్పు. మన ఊరి గాలి బరువు వెయ్యలేదు. పంపు మూడు మీటర్ల దగ్గరే కూచోవాలి."

జల్లెడలు ఆగాయి. దాసా ఫోనులో ఆ లెక్క తెరిచి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ గడి నేనూ ముట్టుకోలేదు" అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "ఏ తరగతిలోనూ ముట్టుకోలేదు."

నినోస్కా స్తంభానికి ఆనుకుని ఊపిరి తీసుకుంటూ ఒక్కో ముక్కే పలికింది. "నన్ను చూసైనా... గుర్తు రాలేదటయ్యా మీకు? ఈ గాలిలోనే పుట్టారు. మీకెలా కనిపిస్తుంది." మళ్ళీ ఊపిరి తీసుకుంది. "తరగతిలో మూడు అన్నవాళ్ళెవరూ లేరా?"

"ఉన్నారు" అంది జుల్మా. "బయట బస్సులో ఉన్నారు."

గ్రోవర్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. పెద్ద ఇంజనీరు అతని వైపు గౌరవంగా చూసింది. ఆ ఒక్క క్షణం అతను ఊరుకుంటే చాలు, ఉద్యోగం అతనిదే. జుల్మా పెదవి విప్పలేదు, చెప్పేది అతను చెప్పుకోవాలని.

"మీరు గాలి లెక్క వేశారన్నమాట."

"లేదండీ" అన్నాడు గ్రోవర్. "రెండుసార్లు భాగించాను."

ముందు మేస్త్రీ నవ్వాడు. తర్వాత నినోస్కా. నవ్వితే ఊపిరి అందక సిమెంటు బస్తా మీద కూలబడి, చేత్తో ఆగమని సైగ చేస్తూ నవ్వింది. ఈసారి గ్రోవర్ కూడా నవ్వాడు.

మేస్త్రీకి తన దిగులు గుర్తొచ్చింది. "అంతా బానే ఉంది గాని, పచమామకి ఇక్కడ పోశాం. ఇప్పుడు చోటు మారిస్తే తల్లి ఏమనుకుంటుంది?"

"రెండోసారి తాగిస్తే ఎవరికైనా కోపం వస్తుందా మేస్త్రీ?" అంది నినోస్కా. "ఇంకో సీసా తెప్పించు."

జుల్మా తల మీది హెల్మెట్ తీసి రెండు చేతులతో ముందుకు చాపింది. "సరైన జవాబు చెప్పినవాళ్ళకే అన్నారు. నేను చెప్పలేదు."

నినోస్కా దాన్ని అందుకోలేదు. "ఎవరూ చెప్పలేదు. మా వాళ్ళు కూడా చూసుకోకుండానే తవ్వేశారు. ముందు ఆ హెల్మెట్ పెట్టుకోండి, కింద రాళ్ళు రాలతాయి." జేబులోంచి కొలత టేపు తీసి జుల్మా చేతిలో పెట్టింది. గ్రోవర్ వైపు గడ్డం ఎత్తి చూపించింది. "టేపుకి రెండు చివర్లుంటాయి. ఇద్దరూ దిగి కొత్త గీత గియ్యండి. నా దగ్గరున్నది ఒక్కటే కుర్చీ. దాని సంగతి తేలేదాకా ఇద్దరూ నిలబడే పని చెయ్యండి."

జుల్మా ముందు, గ్రోవర్ వెనక, నిచ్చెన దిగారు. పైనుంచి దాసా దీపం పట్టుకున్నాడు, ఎవరూ చెప్పకుండానే. కింద చీకట్లోంచి ఆమె గొంతు వినిపించింది: "సరిగ్గా లాగండి దోన్ గ్రోవర్, వదులయితే మళ్ళీ తప్పొస్తుంది." అతని గొంతు: "భాగించమని మాత్రం నాకు చెప్పకండి."

ఇప్పటికీ వాళ్ళిద్దరూ ఆ గనిలోనే పనిచేస్తున్నారు, ఇద్దరికీ కలిపి ఒకటే కుర్చీ. ఎవరి కాళ్ళు నొప్పెడితే వాళ్ళు కూచుంటారు.

ఇదమ్మా జరిగింది. జావ చల్లారిపోయింది, ఉండు వేడి చేసిస్తాను. నువ్వు రేపు నీ వాళ్ళకి చెప్పాలి ఈ కథ, మరిచిపోకు. చెప్పేటప్పుడు గుగ్గిళ్ళ దగ్గర తొందరపడకు, అవి ఉడకడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు చెప్పు. జుల్మా గ్రోవర్‌ని చూసి నవ్విందన్నది దాచకు. బస్టాండులో కొందరు అప్పుడే అతన్ని గాలి చూసి లెక్క చెప్పే మహాజ్ఞానిని చేసేశారు, అతను వద్దు మొర్రో అంటున్నా వినడం లేదు. నువ్వలా చెయ్యకు తల్లీ. అతను రెండుసార్లు భాగించాడని తప్పకుండా చెప్పు. అది తీసేశావంటే ఈ కథలో మనలాంటి వాళ్ళకి చోటుండదు.